యాంప్లిఫైయర్ కొనబోయే ముందు: రొదలో మునిగిన ఒక హ్యామ్ స్టేషన్ కేస్ స్టడీ

"బాబూ, నా మాట వాళ్లకి వినబడుతోంది. వాళ్ల మాటే నాకు వినబడటం లేదు."

మాస్టారు ఫోన్లో మొదట అన్న మాట ఇదే. లెక్కల టీచరుగా రిటైరయ్యాక పరీక్ష రాసి హ్యామ్ లైసెన్సు తెచ్చుకున్నారు, అంటే సరదాకు సొంత రేడియో స్టేషన్ నడుపుకునే అనుమతి. కాల్‌సైన్ (స్టేషన్‌ను గుర్తుపట్టే పేరు) వచ్చి నాలుగు నెలలు. 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్ ప్రాంతం) రాత్రిపూట సీక్యూ పిలిస్తే, అంటే ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఎవరో పలుకుతున్నారని తెలుస్తోంది గానీ, ఆ పలికింది ఎవరో రొదలో చిక్కడం లేదు. ఎవరి సిగ్నల్ ఎక్కడెక్కడ అందుతోందో చూపే పీఎస్‌కే రిపోర్టర్ మ్యాప్ తెరిచి చూస్తే ఆయన సిగ్నల్ వేల కిలోమీటర్ల అవతల డీకోడ్ అవుతోంది. ఇక్కడ మాత్రం వచ్చే సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు ముల్లు రొదతోనే ఎస్9 దగ్గర అతుక్కుపోయి ఉంది. ఎవరో సలహా ఇస్తే ట్రాన్స్‌మిట్ పవర్ పెంచే 500 వాట్ల లీనియర్ యాంప్లిఫైయర్ కొనడానికి సిద్ధమయ్యారు. ఒక్క ఆదివారం ఆగండి మాస్టారూ అన్నాను. ఆ ఒక్క ఆదివారం ఐదు ఆదివారాలైంది. అందులో ఏం చేశామో, ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో మాస్టారి నోటుబుక్కులో తేదీలతో సహా ఉంది. ఈ కేసు దాని ఆధారంగానే రాస్తున్నాను.

ముందు ఆ యాంప్లిఫైయర్ సంగతి. 100 వాట్లు 500 అయితే పెరిగేది 7 డీబీ (డెసిబెల్; ప్రతి 10 డీబీకి పవర్ పది రెట్లు). ఒక ఎస్-యూనిట్ అంటే 6 డీబీ కాబట్టి అవతలివాళ్ల మీటరు మీద ఒక గీతకు కాస్త ఎక్కువ. ఆయన సిగ్నల్ అప్పటికే వాళ్లకు చక్కగా చేరుతోంది. వినికిడి సమస్య ఉన్న స్టేషన్‌కు గొంతు పెంచే మందు వేస్తే ఇంకా ఎక్కువమంది పలుకుతారు, ఆ పలికినవాళ్లెవరూ వినబడరు. ఈ లెక్క మాస్టారికి ఒక్క నిమిషంలో అర్థమైంది. "మరి రొద ఎంత తగ్గించగలం?" అన్నారు. అది కొలిస్తే గానీ తెలియదు.

స్టేషన్ ఎలా ఉంది

100 వాట్ల హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) రిగ్, అంటే పంపే, వినే రేడియో సెట్టు. 13.8 వోల్టుల స్విచ్ మోడ్ పవర్ సప్లై. పిట్టగోడ మూల నుంచి ఒక స్తంభానికి ఏటవాలుగా దిగిన 20 మీటర్ల ఎండ్-ఫెడ్ హాఫ్ వేవ్ యాంటెన్నా (అర తరంగం పొడవున్న తీగ, ఒక చివర నుంచే సిగ్నల్ అందించేది), గోడ వైపు చివర దాన్ని కేబుల్‌కు సరిపెట్టే 49:1 ట్రాన్స్‌ఫార్మర్, అక్కణ్ణుంచి కిటికీలోంచి గదిలోకి 15 మీటర్ల ఆర్‌జీ-58 కోయాక్స్ (షీల్డు చుట్టిన యాంటెన్నా కేబుల్). ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి కోసం ఒక ల్యాప్‌టాప్. కేబుల్ బయటి వైపు కరెంటును ఆపే చోక్ ఎక్కడా లేదు. తిరుగుదారిగా పనిచేసే తీగ, అంటే కౌంటర్‌పాయిజ్, లేదు.

మాస్టారు రెండో ఫిర్యాదు కూడా చెప్పారు, దానికీ దీనికీ సంబంధం ఉందని ఆయన అనుకోలేదు. ట్రాన్స్‌మిట్ పవర్ 50 వాట్లు దాటితే ల్యాప్‌టాప్ మౌస్ బిగుసుకుపోతోంది, యూఎస్‌బీ తెగిపోయి రిగ్‌తో లింకు పోతోంది. అందుకని యూఎస్‌బీ కేబుల్ రెండుసార్లు మార్చారు. రెండూ మంచి కేబుళ్లే.

నాకు అసలు దారి చూపించింది ఈ రెండో ఫిర్యాదు. ట్రాన్స్‌మిట్ చేసినప్పుడు ఆర్‌ఎఫ్ (రేడియో శక్తి) గదిలోకి వస్తోందంటే అది నడిచి వస్తున్న దారి ఒకటుంది. రిసీవ్ చేసేటప్పుడు ఇంట్లోని రొద అదే దారిన వెనక్కి నడిచి యాంటెన్నాకు చేరుతుంది. యాంటెన్నాకు వెళ్లే దారి, వచ్చే దారి ఎప్పుడూ ఒకటే.

మొదటి ఆదివారం: కొలత

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఫిల్టరు కొంటారు, కేబుల్‌కు ఫెరైట్ (అయస్కాంత పదార్థం) పూసలు తగిలిస్తారు, "కొంచెం తగ్గినట్టుంది" అంటారు. ఆ "అట్టుంది" దగ్గర నాకు టెన్షన్. బ్యాండ్ పరిస్థితి గంటగంటకూ మారుతుంది, చెవి అంతకన్నా తొందరగా అలవాటు పడిపోతుంది. అందుకని మొదటి రోజంతా దేన్నీ ముట్టుకోకుండా కొలిచాం.

హెచ్‌ఎఫ్‌లో ఎస్9 అంటే -73 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పే డీబీలు), 50 ఓమ్‌ల దగ్గర 50 మైక్రోవోల్టులు. కానీ చాలా రిగ్‌ల మీటర్లు ఎస్9 కింద ఆ 6 డీబీ మెట్లను సరిగ్గా పాటించవు. అందుకే ముల్లును నమ్మకుండా రిగ్‌లో శబ్దాన్ని దానంతటదే సర్దే ఏజీసీని ఆపేసి, ఆర్‌ఎఫ్ గెయిన్ ఒకచోట బిగించి, 2.4 కిలోహెర్ట్జ్ ఫిల్టరుతో 7.150 మెగాహెర్ట్జ్ దగ్గర ఎవరూ లేని చోట ఆగి, వచ్చే ఆడియో స్థాయిని ల్యాప్‌టాప్ సౌండ్‌కార్డులో డీబీల్లో చదివాం. ల్యాప్‌టాప్ అడాప్టరు పీకేసి బ్యాటరీ మీద నడిపించాం, లేకపోతే కొలిచే పరికరమే రొద పెడుతుంది. ఆ రోజు రాత్రి 9 గంటల అంకెను సున్నా అనుకుని, ఆ తర్వాత ప్రతి మార్పూ దాని నుంచి ఎన్ని డీబీలు దిగిందో రాశాం.

మరి ఎంత దిగితే చాలు? దీనికి అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ల రేడియో నాయిస్ సిఫార్సు పీ.372 ఒక కొలబద్ద. నివాస ప్రాంతాల మానవ నిర్మిత రొదకు అందులో ఇచ్చిన సూత్రంలో 7.1 మెగాహెర్ట్జ్, 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పు వేస్తే సుమారు -91 డీబీఎం వస్తుంది. అంటే ఎస్6. నిశ్శబ్దమైన పల్లెకు వేస్తే ఎస్3కి కొంచెం కింద. మాస్టారి ఎస్9 మామూలు ఇళ్ల మధ్య ఉండాల్సిన దానికన్నా 18 డీబీ ఎక్కువ. కాబట్టి ఇది బ్యాండ్ తప్పు కాదు, చుట్టుపక్కల ఊరు తప్పు కూడా కాదు. దగ్గర్లోనే ఏదో ఉంది.

యాంటెన్నా కనెక్టరు విప్పి డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) పెడితే రొద పూర్తిగా పడిపోయింది. రిగ్‌లో లోపం లేదు. తర్వాత రిగ్‌ను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మార్చి, ఇంట్లో అందరికీ ముందే చెప్పి, మెయిన్ స్విచ్ దించాం. (ఇంట్లో ఎవరైనా వైద్య పరికరం వాడుతుంటే ఈ పని వాళ్లకు ఏర్పాటు చేశాకే. యూపీఎస్ ఉంటే దాన్నీ ఆపాలి. మెయిన్ దించాక కూడా అది లోపల నడుస్తూ రొద పెడుతూనే ఉంటుంది, పరీక్ష తప్పుదారి పడుతుంది.)

24 డీబీ దిగింది. హెడ్‌ఫోన్‌లో ఒక్కసారిగా గది పెద్దదైనట్టనిపించింది. నిమిషం క్రితం ఏమీ లేని 7.150కి కాస్త కిందుగా ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. మాస్టారు ఏమీ అనలేదు, హెడ్‌ఫోన్ రెండు చేతులతో నొక్కి పట్టుకుని చాలాసేపు విన్నారు. నాలుగు నెలలుగా వాళ్లు అక్కడే ఉన్నారు.

దారి ఎక్కడుంది

హెచ్‌ఎఫ్‌లో కోయాక్స్‌కు రెండు కండక్టర్లు కాదు, మూడు. 7 మెగాహెర్ట్జ్ కరెంటు రాగిలో సుమారు 0.025 మిల్లీమీటరు లోతు వరకే దిగుతుంది. అందువల్ల షీల్డు లోపలి వైపు ఒక తీగ, బయటి వైపు మరో తీగ అన్నట్టు ప్రవర్తిస్తాయి. లోపలి వైపు కరెంటు మన సిగ్నల్. బయటి వైపు నడిచేదే కామన్ మోడ్ కరెంటు. ఎండ్-ఫెడ్ యాంటెన్నాలో ఈ బయటి వైపుకు పని ఎక్కువ. హాఫ్ వేవ్ తీగ చివర ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే అడ్డు) రెండు మూడు వేల ఓమ్‌లుంటుంది, కరెంటు కొద్దిదే, కానీ ఆ కొద్ది కరెంటుకూ తిరుగుదారి ఒకటి కావాలి. మనం తిరుగుదారి ఇవ్వకపోతే అది కోయాక్స్ బయటి వైపును తీసుకుంటుంది. అప్పుడు మీ గది, పవర్ సప్లై, ల్యాప్‌టాప్, ఇంటి వైరింగు అన్నీ యాంటెన్నాలో భాగమే.

ఇది నిజమో కాదో చూడటానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. యాంటెన్నాలను కొలిచే చిన్న పరికరం నానోవీఎన్‌ఏను కోయాక్స్ గది చివరకు తగిలించి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత సరిపడిందో చెప్పే నిష్పత్తి) గీత చూస్తున్నప్పుడు, మాస్టార్ని కోయాక్స్‌ను కిటికీ దగ్గర గుప్పిట్లో పట్టుకోమన్నాను. పట్టుకోగానే గీతలో లోయ పక్కకు జరిగింది, వదిలేస్తే వెనక్కి వచ్చింది. మంచి ఫీడ్‌లైన్ మీద చెయ్యి వేస్తే ఏమీ మారకూడదు. మూడుసార్లు పట్టుకుని, మూడుసార్లు వదిలి, అప్పుడు రాసుకున్నారు ఆయన.

(నానోవీఎన్‌ఏ విషయంలో రెండు జాగ్రత్తలు. ఓపెన్, షార్ట్, లోడ్ కాలిబ్రేషన్ చేయకుండా ఏ అంకెనూ నమ్మొద్దు. తగిలించే ముందు యాంటెన్నా మీద పోగైన స్టాటిక్‌ను భూమికి దించండి, లేకపోతే దాని ఇన్‌పుట్ కాలిపోతుంది.)

నేను కట్టుకున్న ఆర్‌ఎఫ్ కరెంటు మీటరు కూడా తెచ్చాను. తెరుచుకునే ఫెరైట్ పూస మీద పది చుట్లు, ఒక షాట్కీ డయోడు, ఒక మైక్రో అమ్మీటరు, అంతే. 10 వాట్ల క్యారియర్ వేసి కోయాక్స్ పొడవునా జరిపితే కిటికీ దగ్గర ముల్లు సగం దాకా లేచింది. అక్కడ అది లేవకూడదు.

పూసలు పనిచేయలేదు, చుట్లు పనిచేశాయి

రెండో ఆదివారం నేనొక తప్పు చేశాను. నా సంచిలో క్లిప్ పూసలు ఐదున్నాయి. వాటిని వరసగా కోయాక్స్‌కు బిగించాను. మార్పు 1 డీబీ కూడా లేదు. ఈ తప్పు రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది కాబట్టి కారణం వివరంగా చెప్పాలి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర కేబుల్ ఒక్కసారి దూరిన పూస ఇచ్చేది కొన్ని పదుల ఓమ్‌లు. ఐదు పూసలకు దానికి ఐదు రెట్లు. కామన్ మోడ్ దారి ఇంపిడెన్సే వందల్లో, వేలల్లో ఉన్నప్పుడు ఇది లెక్కలోకి రాదు. అదే కోర్ చుట్టూ కేబుల్‌ను 12 చుట్లు తిప్పితే ఇంపిడెన్స్ 12 రెట్లు కాదు, దాదాపు 144 రెట్లు పెరుగుతుంది. చుట్ల వర్గంతో పెరుగుతుంది గనక. వీహెచ్‌ఎఫ్‌లో (30 మెగాహెర్ట్జ్ పైన) పూసలు బాగా పనిచేస్తాయి. హెచ్‌ఎఫ్ కింది బ్యాండ్లకు చుట్లే కావాలి.

కోర్ పదార్థం కూడా ముఖ్యం. 31 మిక్స్ అనే మాంగనీస్-జింక్ ఫెరైట్ ఈ పనికి తగింది. 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో దాని ఇంపిడెన్స్‌లో రెసిస్టెన్స్ పాలు ఎక్కువ, మనకు కావాల్సింది అదే. పవర్ సప్లైలకు వాడే పసుపు-తెలుపు రంగు ఐరన్ పౌడర్ కోర్లు చూడ్డానికి ఇలాగే ఉంటాయి, ఇక్కడ పనికిరావు. రంగు చూసి కొనకండి, మిక్స్ నంబరు అడిగి కొనండి.

మూడో ఆదివారం 61 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న 31 మిక్స్ టొరాయిడ్ (రింగు ఆకారపు కోర్) మీద 12 చుట్లు చుట్టాం. ఆర్‌జీ-58ను మరీ బిగుతుగా వంచితే లోపలి పాలీథీన్ వేడికి మెత్తబడి మధ్య తీగ పక్కకు జరుగుతుంది, అందుకని వదులుగా చుట్టాం. టెఫ్లాన్ ఇన్సులేషన్ ఉన్న ఆర్‌జీ-400 అయితే ఈ బెంగ లేదు. చుట్టాక బిగించలేదు, ముందు కొలిచాం. షీల్డు రెండు చివరలనూ నానోవీఎన్‌ఏ రెండు పోర్టుల మధ్య సిరీస్‌లో పెడితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర -33 డీబీ. నష్టాన్ని ఇంపిడెన్స్‌గా మార్చే సూత్రం మాస్టారే కట్టారు. 33 డీబీ అంటే వోల్టేజీలో సుమారు 44.7 రెట్లు, అందులోంచి ఒకటి తీసేసి 100తో హెచ్చిస్తే దాదాపు 4,370 ఓమ్‌లు. రెసిస్టెన్స్ పాలే ఎక్కువ అనుకుంటే ఈ లెక్క సరిపోతుంది.

ఆ చోక్‌ను కోయాక్స్ గదిలోకి వచ్చే చోట పెట్టాం. ట్రాన్స్‌ఫార్మర్ భూమి కొసకు 2 మీటర్ల తీగ కౌంటర్‌పాయిజ్‌గా కట్టాం, 40 మీటర్లలో ఇరవయ్యో వంతు. తిరుగుదారి మనమే ఇచ్చాం, గది వైపు దారి మూశాం.

రొద 10 డీబీ దిగింది. గుప్పిట్లో పట్టుకుంటే గీత కదలలేదు. 100 వాట్లలో మౌస్ నడిచింది. యూఎస్‌బీ కేబుళ్లు రెండూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ఇంట్లో దొంగలు

దారి మూసినా రొద పుట్టే చోట్లు పోవు. నాలుగో ఆదివారం ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ ఆడియో స్థాయి రాశాం. తర్వాత చిన్న మీడియం వేవ్ రేడియోను రెండు స్టేషన్ల మధ్య ఖాళీలో పెట్టి గదిగదికీ తిరిగాం. లోపలి ఫెరైట్ కడ్డీ కొస రొద వచ్చే వైపు తిరిగితే శబ్దం తగ్గుతుంది, అలా దిక్కు తెలుస్తుంది. ఈ పనికి ఇంతకన్నా మంచి పరికరం నేను చూడలేదు.

వరండాలోని ఎల్‌ఈడీ దీపం డ్రైవరు ఒకటి, ఇంటర్నెట్ రౌటర్ అడాప్టరు ఒకటి పట్టుబడ్డాయి. రౌటర్ అడాప్టరును వాటర్‌ఫాల్‌లోనే (బ్యాండ్‌లోని సిగ్నళ్లను తెర మీద చారలుగా చూపే బొమ్మ) గుర్తు పట్టొచ్చు. మసకగా, లావుగా ఉన్న చార ఒకటి, మళ్లీ 65 కిలోహెర్ట్జ్‌కు ఇంకొకటి, అలా బ్యాండ్ పొడుగునా. అడాప్టరు వేడెక్కే కొద్దీ చారలన్నీ కలిసి మెల్లగా ఒక పక్కకు జరుగుతాయి. ఈ 65 ఎందుకంటే, మెయిన్స్ తీగల మీదికి పంపే రొద మీద చాలా ఉత్పత్తులకు పరిమితులు 150 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి. 65కు రెట్టింపు 130, అదీ ఆ గీత కిందే ఉంటుంది. డిజైనర్లకు అది అనుకూలం. వందో హార్మోనిక్ (65కు వంద రెట్లు) దాటాక 7 మెగాహెర్ట్జ్‌లో వినేది మనమే.

దీపం మార్చేశాం. రౌటర్‌కు పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లీనియర్ సప్లై పెట్టాం. ల్యాప్‌టాప్ అడాప్టరు డీసీ కేబుల్‌లోని రెండు తీగలనూ కలిపి ఒక కోర్ మీద పది చుట్లు చుట్టాం. మొత్తం మీద ఇంకో 9 డీబీ.

చివరిగా యాంటెన్నా

ఎండ్-ఫెడ్‌ను తీసేయాలా అని ఇద్దరం చాలాసేపు ఆలోచించాం. ఒకే తీగతో 40, 20, 15, 10 మీటర్లు నడిచే సౌకర్యం చిన్నది కాదు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా ఇంటి గోడకే ఉంది, యాంటెన్నాలో సగం మెయిన్స్ వైర్ల పక్కనే వేలాడుతోంది. ఐదో ఆదివారం ఇంటికి 8 మీటర్ల దూరంలో మధ్య నుంచి ఫీడ్ అయ్యే డైపోల్ కట్టాం, ఫీడ్ పాయింట్ దగ్గర రెండో చోక్‌తో. కరెంటు లైన్లకు దూరం ఎంతుందో తాడు విసరక ముందే చూసుకున్నాం. తాడు తెగినా తీగ వాటి మీద పడకూడదు.

143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది, 7.1కి సుమారు 20.1. పీవీసీ తొడుగున్న తీగ ఇంకా తక్కువే కావాలి. కోయడం తేలిక, అతకడం కష్టం కాబట్టి ఒక్కో చేతికి 10.3 మీటర్లు పెట్టాం. 6.78 మెగాహెర్ట్జ్ దగ్గర ట్యూన్ అయింది. నిష్పత్తి కట్టి ఒక్కో చేతిని 46 సెంటీమీటర్లు వెనక్కి మడిస్తే 7.1కి వచ్చింది. ఇంకో 4 డీబీ దిగింది. 15 మీటర్లు మూడో హార్మోనిక్‌గా దానంతటదే వచ్చింది. 20 కోసం ఒక్కో వైపు సుమారు 5 మీటర్ల చేతులు అదే ఫీడ్ పాయింట్‌కు తర్వాత కడతాం.

అన్నీ కలిపి 23 డీబీ. మాస్టారు దీన్ని బోర్డు మీద రాసినట్టు రాశారు: 200 రెట్లు. మునుపు 100 వాట్లతో వచ్చే స్టేషన్ ఆ రొదలోంచి ఇంత స్పష్టంగా వినబడాలంటే అవతలివాళ్లు 20 కిలోవాట్లు వేయాల్సి వచ్చేది.

ఆ అంకెను ఇంకోలా కూడా సరిచూశాం. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ఉచిత సాఫ్ట్‌వేర్, అందులో విస్పర్ (బలహీన సిగ్నళ్ల కోసం చేసిన డిజిటల్ పద్ధతి) పెట్టి 7.0386 మెగాహెర్ట్జ్ మీద రాత్రంతా వినడానికి వదిలేశాం, మార్పులకు ముందు ఒక వారం, తర్వాత ఒక వారం. ఒక్కో ప్రసారం రెండు నిమిషాల గడి, శబ్దంలో చాలా లోతుకు మునిగిన సిగ్నల్‌ను కూడా అది పైకి తీస్తుంది. బ్యాండ్ మారిందేమో అన్న అనుమానం పోవడానికి, కొద్ది దూరంలో ఏ మార్పూ చేయని ఇంకో స్టేషన్ అవే రాత్రుల్లో ఎంతమందిని విన్నదో పక్కన రాసుకున్నాం. మునుపు మాస్టారి స్టేషన్ ఆ పక్క స్టేషన్ విన్న వాళ్లలో నాలుగో వంతును కూడా వినలేదు. తర్వాతి వారం రెండూ ఇంచుమించు సమానం.

పరికరాల మాటకొస్తే, ఇంత పనికీ కొత్తగా కావలసింది నానోవీఎన్‌ఏ, మూడు టొరాయిడ్లు, ఒక డమ్మీ లోడ్, తీగ. బ్యాటరీ మాస్టారి దగ్గర ముందే ఉంది. రిగ్ పాతదే. పవర్ సప్లై నుంచి రిగ్‌కు వెళ్లే డీసీ తీగ మాత్రం మార్చాం: 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 5 మీటర్లు ఉంది, రానూపోనూ 10 మీటర్లు, 20 యాంపియర్లకు దాదాపు 1.4 వోల్టులు అందులోనే పోతున్నాయి. లావు తీగ, సగం పొడవు పెట్టాం.

ఇప్పుడు మాస్టారు రోజూ సాయంత్రం 21.150 మెగాహెర్ట్జ్ మీద కూర్చుంటున్నారు. ఎన్‌సీడీఎక్స్‌ఎఫ్, ఐఏఆర్‌యూ అనే హ్యామ్ సంస్థలు కలిసి నడిపే 18 బీకన్లు (వాటంతటవే సిగ్నల్ పంపే స్టేషన్లు) ప్రపంచం నలుమూలల నుంచి వంతులవారీగా అక్కడ పలుకుతాయి, ఒక్కొక్కటి పది సెకన్లు, మూడు నిమిషాలకు ఒక చుట్టు. ముందు కాల్‌సైన్, తర్వాత నాలుగు పొడుగు గీతలు: 100 వాట్లు, 10 వాట్లు, 1 వాటు, పదో వంతు వాటు. మునుపు ఆయనకు మొదటి గీత వినబడితే గొప్ప. మొన్న ఫోన్ చేసి, "బాబూ, మూడో గీత విన్నాను" అన్నారు. నాలుగోది ఉందా లేదా అని ఇద్దరం తేల్చుకోలేకపోయాం.

ఇంకొకటి మిగిలి ఉంది. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా ఎక్కణ్ణుంచో ఒక కొత్త బుర్రుమనే రొద వస్తోంది, ఆయన ఇంటి మెయిన్ దించినా పోవడం లేదు. లూప్ యాంటెన్నాతో దిక్కు రెండు రోజులు రాశారు, రెండుసార్లూ ఒకే గీత మీదకు వచ్చింది. వచ్చే ఆదివారం చిన్న రేడియో పట్టుకుని ఆ వైపు నడుస్తాం.